మొగ దాటాక వినిపించిన పిలుపు

దయ్యాలను నేను నమ్మను. ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మడం లేదు. మా ఊళ్ళో చీకటి పడ్డాక ఎవరూ అటు పోవద్దనే చోట్లన్నీ నేను చూసినవే. అక్కడ దోమలు తప్ప ఏమీ లేవు. కాబట్టి ఇది చదివి, పిల్ల దేనికో జడుసుకుందని ఎవరూ జాలిపడనక్కర్లేదు. నేను జడుసుకోలేదు.

రాయడానికి కారణం వేరే ఉంది. ఆ రోజు బోటు మీద నుంచి నేను ఒక మనిషిని చూశానని, అందుకే అతను బతికాడని మా వైపు అందరూ చెప్పుకుంటున్నారు. నేను చూడలేదు. విన్నాను. ఆ రెండింటికీ తేడా ఏముందని మా ఇంట్లో అడుగుతారు. నాకు చాలా ఉంది.

మా చిన మావయ్య మస్కట్‌లో చాలా ఏళ్ళు పని చేశాడు. షికారుకు వచ్చినవాళ్ళను నడి సముద్రానికి తీసుకెళ్ళి, గేలాలతో పెద్ద పెద్ద చేపలు పట్టించే బోట్లు అక్కడ ఉంటాయట. వాటి మీద గేలాలు కట్టే పనితో మొదలుపెట్టి, బోటు నడిపే దాకా నేర్చుకున్నాడు. తిరిగొచ్చి ఓడలరేవులో అదే మొదలుపెట్టాడు. ఒక ఫైబర్ బోటు, రెండు ఇంజన్లు, ఎక్కిన అందరికీ లైఫ్ జాకెట్లు. వచ్చేవాళ్ళు ఎక్కువగా హైదరాబాదు వాళ్ళు. తెల్లవారుతుండగా బయలుదేరి, గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసే మొగ దాటి, నీళ్ళలో గ్యాసు తీసే ప్లాట్‌ఫారాలు కూడా వెనకబడే దాకా పోతారు. అక్కడ సూర చేప కోసమో, కొమ్ము కోనాం కోసమో ఎరలు వేసి ఈడుస్తూ తిరుగుతారు. కొమ్ము కోనాం అంటే ముక్కు బల్లెంలా పొడుచుకొచ్చిన చేప. మనిషికన్నా పొడుగుంటుంది. చిక్కితే బోటు పక్కకు లాగి, ఫోటో తీసుకుని, మళ్ళీ వదిలేస్తారు.

ఆ వదిలేయడం, చుక్కాని పట్టే సరంగు నూకరాజు తాతకు ఏనాడూ మింగుడుపడలేదు. ఆయన మాకు బంధువు కాదు, వరస కలిపి తాత అంటాను. "అంత దూరం పోయి, చేపని పలకరించి వచ్చేత్తారా అండీ?" అని గెస్టుల ముందే అనేసేవారు. మావయ్య ఏమీ అనలేడు. మొగలో ఇసుక మేటలు ఎప్పుడూ ఒకచోట ఉండవు. వాటి మధ్య నుంచి బోటు బయట పడాలంటే చుక్కాని తాత చేతిలో ఉండాల్సిందే.

మాధవి గారనే ఆవిడ భర్తతో కలిసి వస్తూ, బోటు మీద ఇంకో ఆడమనిషి ఉంటేనే ఎక్కుతానని షరతు పెట్టారు. మా అత్తకు రేవులో కట్టేసిన బోటు చూసినా కడుపులో తిప్పుతుంది. అలా ఆ అవకాశం నా దగ్గరికి వచ్చింది. నేను నలుగురిలో మాట్లాడలేను. ఇంటికి చుట్టాలొస్తే పుస్తకం తీసుకుని పెరట్లోకి పోయే రకాన్ని. అయినా మావయ్య అడగడం పూర్తవకముందే ఒప్పుకున్నాను. మా వైపు ఆడవాళ్ళు చేపలు అమ్మవచ్చు, ఎండబెట్టవచ్చు, చిరిగిన వలలు బాగుచేయవచ్చు. వేటకు పోయే బోటు మాత్రం ఎక్కకూడదు. సముద్రం హోరు వింటూ పెరిగి, దాని మీదికి ఒక్కసారి కూడా పోలేదన్న మంట నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

ఈ ఒక్క ట్రిప్పు సవ్యంగా జరిగితే ఇక ప్రతి ట్రిప్పుకూ నన్నే తీసుకెళ్తానని మావయ్య మాట ఇచ్చాడు. గెస్టుల్ని చూసుకోవడం, గేలాలు సిద్ధం చేయడం, పోను పోను బోటు నడపడం కూడా నేర్పుతానన్నాడు. ఎంఏ చదివి ప్రైవేటు స్కూల్లో చేరడం తప్ప దారి లేదనుకుంటున్న నాకు అంతకన్నా ఏం కావాలి? నూకరాజు తాత కూడా ఒక మాట చెప్పారు. ఏ కాస్త తేడా వచ్చినా ఆడపిల్ల మళ్ళీ ఎక్కకూడదు, ఎక్కితే తాను దిగిపోతానన్నారు. మావయ్య సరేనన్నాడు. నేనూ సరేనన్నాను.

ఎక్కేటప్పుడు తాత నాకొక నియమం చెప్పారు. సముద్రం మీద ఎవరినీ పేరు పెట్టి కేకేసి పిలవకూడదు. అవసరమైతే బోటు అంచు మీద చేత్తో కొట్టాలి. ఎప్పుడైనా పిలుపు వినబడితే అది మనవాళ్ళది కాదని అర్థం. దానికి పలకకూడదు. పలికినవాళ్ళను సముద్రం గుర్తుపెట్టుకుంటుందట. ఆయన ఇదంతా బెదిరించినట్టు చెప్పలేదు. దారిలో గొయ్యి ఉంది చూసుకో అన్నట్టు చెప్పారు.

చలికాలం. నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. మొగ దాటగానే మాధవి గారి భర్త అడుగున చాప మీద పడుకుండిపోయారు. "ఈయనకి స్విమ్మింగ్‌పూల్లోనూ ఇంతేనండి" అని ఆవిడ నవ్వారు. కొబ్బరితోటల గీత సన్నబడి మాయమైంది. ఆవిడలాగే నేనూ ప్యాంటు, షర్టు, వాటి మీద లైఫ్ జాకెట్టు వేసుకుని, జుట్టంతా టోపీలోకి దోపుకున్నాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

పొద్దు బాగా ఎక్కాక చేప తగిలింది. గేలం రీలు ఒక్కసారిగా గీపెట్టింది. దూరంగా కొమ్ము కోనాం నీళ్ళలోంచి నిలువునా లేచి, నల్లగా మెరిసి పడింది. మాధవి గారిని కుర్చీలో బెల్టుతో బిగించారు. ఆవిడ లాగుతున్నారు, అది దారం తీసుకుపోతోంది. చేప ఎటు పోతే బోటు అటు పోవాలి, లేకపోతే దారం తెగుతుంది. తాత ఇంజన్లు మెల్లగా నడుపుతూ తూర్పుకు పోనిస్తున్నారు. మావయ్య ఆవిడ పక్కన నిలబడి ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో చెబుతున్నాడు. నేను ఆవిడకు నీళ్ళు తాగిస్తున్నాను. అంతా సవ్యంగా ఉంది. నా చోటు ఖాయమైపోయినట్టే అనుకున్నాను కూడా.

అప్పుడు వినబడింది. "అమ్మాయ్" అని.

మా వెనక నుంచి, పడమటి వైపు నుంచి. ఆడ గొంతు. పెద్ద వయసు. కేక కాదు, ఏడుపు కాదు. కాలవ అవతలి గట్టు మీద నుంచి పక్కింటావిడ కరివేపాకు కోసం పిలిచినట్టుంది. అంత మామూలుగా ఉంది కాబట్టే నేను ఆలోచించలేదు. మా వైపు ఎవరు పిలిచినా నోరు దానంతటదే పలుకుతుంది. "ఆయ్" అన్నాను.

ఇక్కడ ఒక్క విషయం నేను ప్రమాణం చేసి చెప్పగలను. నేను పలకడానికి ముందే నూకరాజు తాత తల వెనక్కి తిప్పారు. తిప్పి, వెంటనే ముందుకు తిప్పేసుకున్నారు. చుక్కాని మీద ఆయన వేళ్ళు బిగుసుకోవడం చూశాను.

మాధవి గారు నా వైపు వింతగా చూశారు. ఆవిడకు వినబడింది నా "ఆయ్" ఒక్కటే. మావయ్యకూ అంతే. నేను వెనక్కి చూశాను. నీళ్ళు తప్ప ఏమీ లేవు. మావయ్య దుర్భిణి తీసుకుని చూశాను. అందులోనూ ఏమీ లేదు. అయినా, అటు ఎవరో ఉన్నారు, పోదాం అన్నాను. మావయ్య చేప వైపు చూపించాడు. తాత నా వైపు చూడకుండానే, "పలికేవు కదా. ఇంక అటు చూడకు" అన్నారు.

నాకు కోపం వచ్చింది. జన్మలో అంత కోపం రాలేదు. పిలిచింది మనిషో కాదో పోయి చూస్తే తెలుస్తుంది. పోకుండానే కాదని ఎలా అంటారు? ఇదంతా నేను పైకి అనలేదు, నాకు చేతకాదు. ఎర కోసే కత్తి బల్ల మీద ఉంది. తీసుకుని దారం కోసేశాను.

బిగువుగా ఉన్న గేలం కర్ర ఒక్కసారి నిటారుగా లేచింది. మాధవి గారు చేతుల్లోని ఖాళీ కర్ర వైపు చూస్తూ ఉండిపోయారు. ఇప్పుడు చేప లేదు కాబట్టి అటు పోవచ్చు కదా అన్నాను. తాత చుక్కాని వదిలి పక్కకు జరిగారు. మావయ్య వచ్చి పట్టుకుని బోటు పడమటికి తిప్పాడు.

చాలాసేపు పోయాం. నేను ముందు నిలబడి చెయ్యి చూపిస్తున్నాను. మళ్ళీ పిలుపేమీ రాలేదు. వెనక్కి తిప్పేద్దామని మావయ్య అనబోతుండగా నీళ్ళ మీద పసుప్పచ్చగా ఏదో కనబడింది. ఖాళీ నూనె డబ్బా. దానికి లుంగీతో చెయ్యి కట్టుకుని ఒక మనిషి తేలుతున్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఊపిరి ఉంది.

అతని పేరు శ్రీను. ఐ.పోలవరం అవతల ఊరు. ముందు రోజు సాయంత్రం ఒక్కడే చిన్న పడవ మీద వచ్చాడని, అది తిరగబడిందని తర్వాత తెలిసింది. పైకి లాగినప్పుడు పెదాలు పగిలి, నాలుక వాచి ఉంది. నీళ్ళు పోస్తే గుటక పడడమే గగనమైంది. తీరం చేరేదాకా అతని నోట్లోంచి మూలుగైనా రాలేదు. అతని తలను మాధవి గారు తన ఒళ్ళో పెట్టుకున్నారు. రేవులో దిగుతున్నప్పుడు నేను క్షమించమన్నాను. "చేప ఎలాగూ వదిలేసేదే కదమ్మా" అన్నారు ఆవిడ.

రేవులో జనం మూగారు. "మా బుల్లి చూసిందండి" అని మావయ్య అందరికీ చెప్పేశాడు. బుల్లి అంటే నేనే. నేను ఆపబోతే చెయ్యి నొక్కాడు. ఎందుకో ఇంటికొచ్చాక చెప్పాడు. పిలుపుకు పలికానని నలుగురికీ తెలిస్తే తాత బోటు దిగిపోతారు. చూశానంటే అందులో తేడా ఏముంది? ఎవరైనా చూస్తారు. ఒక్క మాట మార్చుకుంటే నా చోటు నాకుంటుంది.

ఆ వారంలోనే తాత మా ఇంటికి వచ్చారు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. అమ్మ టీ ఇస్తే పక్కన పెట్టుకుని తాగలేదు.

"ఆ మనిషిని నువ్వు చూసేవు. చూసి అరిచేవు. అంతే కదమ్మా" అన్నారు.

"చూడలేదు తాతా. పిలిస్తే పలికేను. మీకూ వినపడింది. నేను పలక్కముందే తల తిప్పేరు."

పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేదని అమ్మ కసిరింది. తాత ఆవిణ్ణి ఆపారు.

"మా తమ్ముడి పడవ తిరిగి రాని రోజు కూడా వినపడింది" అన్నారు. "నేను పలకలేదు. పలకకూడదు కదా మరి. నువ్వు చూసేనని చెప్పమ్మా. నేను బోటు దిగను. నిన్నూ దిగమనను."

ఆయన ఏమడుగుతున్నారో నాకు తెలిసింది. నేను విన్నానంటే, పలకడం వల్ల ఒక మనిషి బతికాడంటే, ఆయన తమ్ముడి సంగతి ఏమిటి? ఆయన మొహం చూస్తే ఔననేయాలనిపించింది. కానీ నేను చూశానని చెబితే ఆ నియమం చెక్కుచెదరదు. రేపు ఇంకో బోటు మీద ఇంకెవరో పిలుపు విని తల తిప్పేసుకుంటారు. నీళ్ళలో ఉన్నవాడు ఉన్నట్టే ఉండిపోతాడు.

"మీ తప్పు లేదు తాతా. మీకలా నేర్పేరు" అన్నాను. "కానీ నేను చూడలేదు."

ఆయన లేచి కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. బోటు కూడా దిగిపోయారు. మావయ్య అల్లవరం నుంచి ఇంకో సరంగును తెచ్చుకున్నాడు. నేను ఎక్కనన్న ఒప్పందం మీదే అతను వచ్చాడు. ఇప్పుడు నేను ఇంట్లో కూర్చుని ఫోన్లో బుకింగులు తీసుకుంటున్నాను. ప్రతి ట్రిప్పుకూ ముందు, నేనూ వస్తానని మావయ్యను అడుగుతాను. ప్రతిసారీ లేదంటాడు. అడగడం మానలేదు.

అది పక్షి అయి ఉంటుందని కొందరన్నారు. నాకు పక్షుల అరుపులు తెలుసు. నీళ్ళ మీద శబ్దం దూరం ప్రయాణిస్తుందని మావయ్య అన్నాడు. ప్రయాణించవచ్చు. కానీ ప్రయాణించడానికి ముందు ఎవరో ఒకరు అనాలి కదా. ఆ చుట్టుపక్కల వేరే బోటు లేదు, నేనూ మాధవి గారూ తప్ప ఇంకో ఆడమనిషి లేదు. టోపీ పెట్టుకుని జాకెట్టు వేసుకున్న నన్ను దగ్గర నుంచి చూసినా అమ్మాయినని పోల్చుకోవడం కష్టం.

శ్రీనుకు గొంతు వచ్చాక అమలాపురం ఆసుపత్రికి వెళ్ళి చూశాను. నువ్వు పిలిచావా అని అడిగాను. లేదన్నాడు. నోరు తెరిచే ఓపిక కూడా లేదట. ఇక చాలనుకుని చేతికున్న కట్టు తానే విప్పుకోబోయాడట.

"అప్పుడు చెవి పక్కనే ఎవరో 'ఆయ్' అన్నారండి. చిన్న పిల్ల గొంతులా ఉంది. ఎవరో ఉన్నారు కదాని కట్టు మళ్ళీ బిగించేసుకున్నాను" అన్నాడు.

దుర్భిణిలో కూడా కనబడనంత దూరంలో ఉన్నాం మేము. రెండు ఇంజన్లు నడుస్తున్నాయి. నా పక్కనే కుర్చీలో ఉన్న మాధవి గారికి వినబడేంతే అన్నాను నేను.

దయ్యమనీ అనను, దేవుడనీ అనను, చెవిలో హోరనీ అనను. ఎవరు పిలిచారో నాకు తెలియదు. పలికింది మాత్రం నేనే.