తిరగేసిన ఆయిల్ మూత

కోరుట్లలో మా మెకానిక్ అన్న పోయాడని పోయిన వారం ఫోను వచ్చింది. వెంటనే నమ్మలేదు. ఇంకో ఇద్దరికి ఫోను చేసి అడిగాను. ఏ మాటా ఊరికే నమ్మొద్దని నాకు నేర్పింది ఆయనే.

పాత కారు కొనేవాళ్లు జగిత్యాల నుంచి కూడా వచ్చి ఆయన్ని వెంటబెట్టుకుపోయేవాళ్లు. పోగానే బానెట్ మీద అరచెయ్యి వేసేవాడు. వెచ్చగా ఉందా, లోపాలు కనబడకుండా మేం రాకముందే ఎందుకు నడిపావని అమ్మేవాణ్ని నిలదీసేవాడు. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేయించి, ఆయిల్ పోసే మూత విప్పి, అక్కడే తిరగేసి పెట్టేవాడు. ఇంజన్ లోపల పిస్టన్ రింగులు అరిగి పక్కనుంచి గ్యాస్ కిందికి దిగుతుంటే ఆ మూత ఎగిరెగిరి పడుతుంది. "మనిషి నోటికన్న మూత నయం తమ్మీ, దానికి అబద్ధం రాదు" అనేవాడు.

కిరాయికి తిప్పుకుందామని నేను సిరిసిల్లలో ఒక కారు చూశాను. మూత ఎగిరి కిందపడింది. అన్న వద్దన్నాడు. అయినా మనసాగక మర్నాడు బేరమాడదామని మళ్లీ పోతే, ఆ కారు ఓనరుతో ఆయన చాయ్ హోటల్లో గుసగుసలాడుతూ కనబడ్డాడు. ఓహో, తానే కొట్టేద్దామని చూస్తున్నాడన్నమాట అనుకున్నాను. ఆ సాయంత్రమే ఉన్నదంతా ఊడ్చి కొనేశాను. అనుమానం పెనుభూతమంటారు, నా భూతానికి నాలుగు చక్రాలు కూడా ఉన్నాయి.

నెల తిరక్కముందే రుద్రంగి దగ్గర వెనకంతా నీలం పొగ. బతుకుతెరువే ఆగిపోయింది. తల వంచుకుని ఆయన షెడ్డుకే పోయాను. అన్న వెంటనే పనిలోకి దిగాడు. ఇంజన్ విప్పి బాగుచేసి, కొత్త రింగులు వేసి, పాతవి నేను అడక్కముందే కాగితంలో చుట్టి ఇచ్చాడు.

"తీస్కపో. మార్చిన్నో లేదో అని నీకు నిద్ర వట్టది."

సిగ్గేసింది. అయినా ఇంటికి పోయి లెక్కపెట్టుకున్నాను.

మొన్న పరామర్శకు ఆ సిరిసిల్ల ఓనరూ వచ్చాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"గా దినం అన్న నా తానికి అచ్చింది నీ కోసమే. వాడు గిరాకీల మీద బతికెటోడు, గా బండి వానికి అంటగట్టకు అని బతిమిలాడిండు. నేనే ఇనలే."

ఇన్నేళ్లూ ఆయన్ని నా మనసులో దొంగను చేసి పెట్టుకున్నాను. తప్పయిందని చెప్పుకోవడానికి ఇప్పుడు మనిషి లేడు.

అన్న అస్థికలు గోదావరిలో కలపడానికి ధర్మపురికి నా కారులోనే తీసుకుపోయాను. బయల్దేరుతుంటే వదిన ఆపింది.

"మూత వెట్టి సూడు తమ్మీ. ఆయనైతే సూడకుంట ఎక్కెటోడు కాదు."

ఇంజన్ నడుస్తుండగా బానెట్ ఎత్తి మూత తిరగేసి పెట్టాను. వదిన అస్థికల కుండను కొంగులో పట్టుకుని పక్కన నిలబడి చూసింది. మూత సన్నగా వణికిందే గానీ, పెట్టిన చోటు నుంచి కదల్లేదు.