వరిగడ్డిలో వెలుగు వెతికిన మా వసుధక్క

నిన్న పొద్దున ఢిల్లీ కటవారియా సరాయ్‌లో, మా రూమ్ కింద టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. రవి గారి ఫోన్.

"వసుధ పోయిందమ్మా మాధవీ" అన్నారు.

అంతే. ఫోన్ మాత్రం ఎవరమూ పెట్టేయలేదు.

టీ చల్లారిపోయింది. సందులో కూరగాయల బండి వెళ్తోంది, పిల్లలు కోచింగ్‌కి పరిగెత్తుతున్నారు. అంతా నీళ్ళ అడుగు నుంచి చూస్తున్నట్టు ఉంది.

జబ్బు సంగతి తెలుసు. ఎక్కువ కాలం లేదనీ తెలుసు. అయినా తెలియడం వేరు, వినడం వేరు.

తెలియని ఫ్రెండ్స్ కోసం. వసుధక్క మా ల్యాబ్‌లో సీనియర్. సొంతూరు నిజామాబాద్ దగ్గర. భర్త రవి గారి ఉద్యోగం వల్ల ఘాజియాబాద్ వచ్చి, ముప్పై దాటాక పీహెచ్‌డీలో చేరింది. రోజూ మెట్రోలో అంత దూరం వచ్చి వెళ్ళేది.

ఆమె పని వరిగడ్డితో.

కోతలయ్యాక ఈ చుట్టుపక్కల పొలాల్లో తగలబెడతారే, మన కళ్ళు మండిపోయేలా, ఆ గడ్డే. దాన్ని పొడి చేసి, నీళ్ళతో కలిపి, గట్టి స్టీలు పాత్రలో మూసి వేడి చేస్తే కంటికి ఆననంత చిన్న కార్బన్ రేణువులు వస్తాయి. కార్బన్ డాట్స్ అంటాం. యూవీ లైట్ కింద అవి మెరుస్తాయి.

వాటికి క్యాన్సర్ మందు తగిలించి పంపాలి. మందు కణితి దాకా వెళ్ళిందో లేదో ఆ మెరుపే చూపించాలి. అదీ అక్క కల.

ఒకసారి గడ్డి కోసం ఇద్దరం హర్యానాలో సోనీపత్ వైపు వెళ్ళాం. "ఇంట్లో గేదె ఉందా దీదీ?" అని హిందీలో అడిగాడు రైతు. లేదు, మందు చేస్తామంది అక్క. ఆయన కాసేపు ఆలోచించి, "ఠీక్ హై, అయితే మంచిదే తీసుకోండి" అని, తడిసిన గడ్డి పక్కకు తోసి, ఎండుగడ్డితో సంచి నింపాడు.

మెట్రో సెక్యూరిటీ దగ్గర ఆ సంచి ఆపారు. ఇదేంటని అడిగితే, "మందే భయ్యా, ఇంకా తయారవలే" అని అక్క తన నిజామాబాద్ హిందీలో ఎంత నమ్మకంగా చెప్పిందంటే, సంచి మూతి అతనే ముడేసి ఇచ్చాడు.

ఆ గడ్డి నుంచి వచ్చిన నీళ్ళు పల్చటి టీ డికాక్షన్‌లా ఉన్నాయి. మధ్యాహ్నం పూట డార్క్ రూమ్ తలుపు వేసి, అక్క యూవీ లైట్ వేసింది.

గోధుమరంగు నీళ్ళు నీలమైపోయాయి.

అక్క ముఖం మీద నీలం. చేతుల మీద, గోడ మీద నీలం. గట్టిగా మాట్లాడితే ఆరిపోతుందేమో అన్నట్టు గుసగుసలాడుకున్నాం.

"పొగ కావాల్సింది. ఎట్లయిందో చూడు" అంది.

మరుసటి చలికాలం అక్కకే బ్రెస్ట్ క్యాన్సర్ అని తెలిసింది.

కీమో మొదలైంది. ఓపికున్న రోజున తలకు స్కార్ఫ్ చుట్టుకుని వచ్చేది. అప్పటికే ఆమె పేపర్ ఒక జర్నల్ వాళ్ళు ఒప్పుకున్నారు. అది వస్తే థీసిస్ అయిపోయినట్టే.

అప్పుడు ఆమెకొక అనుమానం వచ్చింది. మెరుస్తున్నవి నిజంగా డాట్సేనా, లేక వేడికి పుట్టిన వేరే పదార్థమేదైనానా?

సన్నటి రంధ్రాలున్న సంచిలో ఆ ద్రవం పోసి, శుభ్రమైన నీళ్ళలో ఉంచింది. డాట్స్ లోపలే ఉండిపోతాయి, అంతకంటే చిన్నవి బయటి నీళ్ళలోకి జారిపోతాయి. ముందు కూడా చేసిన పనే, కానీ ఈసారి నీళ్ళు మారుస్తూ రోజుల తరబడి ఉంచింది.

చివరికి లైట్ వేసి చూస్తే, తీసి పక్కన పెట్టిన నీళ్ళన్నీ నీలంగా వెలుగుతున్నాయి. సంచి లోపల దాదాపు చీకటి.

అక్క స్టూల్ మీద కూర్చుని ఆ నీళ్ళనే చాలాసేపు చూసింది.

"అందంగ ఉంది కదా మాధవీ. కానీ ఇది మందును మొయ్యదు. పారబోసుడే."

మా గైడ్ సార్ నచ్చజెప్పారు. ముందు ఆరోగ్యం చూసుకో, పేపర్ రానీ, తర్వాత కరెక్షన్ పంపుదాం అని.

"నాకే ఏళ్ళు తక్కువున్నయి సార్. దీన్ని నమ్మినోళ్ళ ఏళ్ళు ఎట్ల పాడు చెయ్యాలె?"

ఆ సాయంత్రమే అక్క పేపర్ వెనక్కి తీసుకుంటూ మెయిల్ పెట్టింది.

మళ్ళీ మొదలు. సంచి లోపల మిగిలిన ఆ కాస్త మసక ఆకుపచ్చ వెలుగు మీదే పనిచేసింది, ఒక కీమోకీ ఇంకో కీమోకీ మధ్య. తను రాలేని రోజు నేను చేసి వీడియో కాల్‌లో చూపించేదాన్ని.

పోయిన వేసవిలో, ప్లేట్‌లో పెంచిన క్యాన్సర్ కణాలను మైక్రోస్కోప్ కింద పెట్టాం. ఆ రోజు అక్క వచ్చింది.

కణాల లోపల లేత ఆకుపచ్చ చుక్కలు. అవి డాట్స్. వాటి పక్కనే ఎర్రగా మందు. ఆ మందుకు తన మెరుపు తనకుంటుంది.

అక్క కన్ను తియ్యలేదు. "పోయినయి" అంది మెల్లగా. "లోపలికి పోయినయి."

బయట ఎండ దంచేస్తోంది. మాకు మాత్రం వాన పడుతున్నట్టే ఉంది.

కొత్త పేపర్ పంపాం. జవాబు ఇంకా రాలేదు. మొదటి పేరు ఆమెదే.

పోయిన నెల ఘాజియాబాద్ వెళ్ళాను. అక్క మాట మాటకీ ఆయాసపడుతోంది. ఆపుకోలేక అనేశాను, "నీ డాట్స్ నీకే అందలేదు కదక్కా" అని.

"ఇప్పుడు ప్లేట్లనే ఉన్నయి. ఎలుకల దాక పోవాలె, ఆ తర్వాత మనుషులు. మస్తు టైం పడ్తది. నా కోసమని ఎన్నడూ అనుకోలే."

కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత నవ్వింది.

"నాకైతే ఒకసారి చూడాలని ఉండె. చూసిన."

నిన్న మధ్యాహ్నం హిండన్ నది ఒడ్డున అంతా అయిపోయింది.

వెళ్ళు అక్కా. సూదులు లేని చోట, ఆయాసం లేని చోట హాయిగా నిద్రపో.

నీకూ, రవి గారికీ మనశ్శాంతి దొరకాలి.