ఆపరేషన్‌కు ముందు పెట్టిన ముద్దలు

హైటెక్ సిటీలో కొత్త ఆఫీసులు లేస్తున్న రోజులవి. మా చెల్లెలు సరళకు అక్కడే ఉద్యోగం. పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే పనేమో, ఒళ్లు బాగా వచ్చేసింది. లివర్ నిండా కొవ్వు పట్టిందనీ, పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకోకపోతే లివర్ చెడిపోతుందనీ డాక్టరు చెప్పారు. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు పల్చటివి మాత్రమే తాగాలి, అప్పుడే లివర్ కుదించుకుని ఆపరేషన్‌కు చోటు దొరుకుతుందన్నారు.

సరళ అత్తగారిల్లు సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో. ఆపరేషన్‌కు పోయే మనిషికి ఇష్టమైనవి వండిపెట్టడం వాళ్ల ఆనవాయితీ. మొన్నటిదాకా "ఇంకెంత తింటవ్ వదినా" అని ఎక్కిరించిన ఆడపడుచులే మటన్, డబల్ కా మీఠా పట్టుకొచ్చారు. వద్దని నేను మొత్తుకున్నాను.

"ఏందమ్మా నువ్వు! ఆపరేషన్ అయినంక పిట్ట లెక్క తింటదట గదా. ఇప్పుడన్న తిననియ్యి" అంటూ అత్తగారు రోజూ ముద్దలు కలిపి నోట్లో పెట్టింది.

ఆపరేషన్ రోజు డాక్టరు తొందరగానే బయటికొచ్చారు. "లివర్ ఉబ్బి పొట్టను కప్పేసింది. ఏమీ చేయకుండానే కుట్లు వేశాం. ఏం తినిపించారు?" అని అడిగారు.

ఆయన అటు పోగానే అత్తగారు, "చేతగాక మనమీద పెడ్తుండు" అంది. రెండోసారి ఆపరేషన్‌కు ఆ ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ రోజు మత్తు దిగాక సరళ పొట్ట తడుముకుంది. "అయిపోయిందా అక్కా?" అంది. లేదన్నాను. ఎందుకు తిన్నావని అడిగాను.

"పెండ్లైనంక మొదటిసారి ప్రేమగ పెట్టిన్రక్కా. ఎట్ల వద్దంట?"

ఇప్పటికీ ఎవరైనా "ఒక్క ముద్ద" అని బలవంతం చేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.