మామగారి గేర్‌బాక్సు సన్నాహాలు

మా మామగారికి ఏ పనీ మొదలుపెట్టే అలవాటు లేదు. ఉన్న అలవాటల్లా ఆ పనికి సిద్ధపడటం. గోడకు క్యాలెండరు తగిలించాలంటే ముందు గోడను కొలుస్తారు, తరవాత మేకును కొలుస్తారు, ఆపైన సుత్తి పిడి వదులైందని దానికి వైద్యం మొదలుపెడతారు. కిందటేడు మా క్యాలెండరు గోడెక్కేసరికి అందులో మూడు కాగితాలు చించేయాల్సి వచ్చింది.

ఆపరేషన్ థియేటర్లో డాక్టర్లకు ముప్పై ఏళ్లు కత్తులూ కత్తెరలూ అందించిన మనిషి. రిటైరయ్యాక కత్తెరలు పోయాయి గాని, ఆ సన్నాహాలు పోలేదు.

అలాంటాయన కారులో మూడో గేరు నిలవడం మానేసింది. వేసింది వేసినట్టే ఎగిరి బయటికి వచ్చేస్తోంది. ఆయన పాత బళ్లు విప్పి అమ్మేచోటు నుంచి వేరే గేర్‌బాక్సు తెచ్చి, "షాపుకెందుకు అల్లుడు గారూ, ఇంట్లో మనమే మార్చేద్దాం" అన్నారు. నేను సంబరంగా చొక్కా చేతులు మడిచాను. అలా మడవడం, సాయంత్రానికి మళ్లీ విప్పడం ఎనిమిది ఆదివారాలు సాగింది.

మొదటి ఆదివారం కారు షెడ్డులో పాత దుప్పటి పరిచి, రెంచీలన్నీ సైజు వరసన పేర్చి, ఒక్కోదాని చుట్టూ పెన్సిలుతో గీత గీశారు. రెండో ఆదివారం కోడిగుడ్ల అట్టలు తెచ్చి, ఏ బోల్టు ఏ గుంటలో ఉండాలో చీటీలు అంటించారు. చీటీలు మిగిలిపోయాయేమో, నా చొక్కాకీ ఒకటి అంటించారు: 'అల్లుడు, కుడివైపు.'

"ఇదెందుకు మామయ్యగారూ?"

"హడావిడిలో ఎవరెక్కడ ఉండాలో మర్చిపోతాం."

"నేనెక్కడున్నానో నేను మర్చిపోతానా?"

"నేను మర్చిపోవచ్చు కదండీ."

మూడో ఆదివారం రిహార్సలు. భోజనాల బల్లే కారు, ముప్పై కిలోల ఇసుక బస్తా గేర్‌బాక్సు. నేను బల్ల కింద పడుకుని బస్తాను మెల్లగా జాకీ మీదికి దించాలి. పదకొండుసార్లు దించాను. మా అత్తగారు కంచం పట్టుకుని వచ్చి, కిందికి తొంగిచూసి, "కారు ఖాళీ అయ్యాక చెప్పు బాబూ, భోంచేస్తాను" అని వెళ్లిపోయారు.

ఇక ఎదురింటి మెకానిక్కు సంగతి చెప్పాలి. మంచి పనివాడు. ఏడాది కిందట జాకీ జారి, కారు మీద పడి భుజం విరిగింది. ఎముక అతికింది గాని ధైర్యం అతకలేదు. అప్పటినుంచీ ఏ బండి కిందికీ తల పెట్టలేదు. షెడ్డుకు తాళం వేసి, పొద్దస్తమానం గుమ్మంలో కూర్చునేవాడు.

మా మామగారు ప్రతి ఆదివారం ఏదో ఒక పనిముట్టు పట్టుకుని అతని ప్రాణం తీసేవారు. "ఏమయ్యా, ఈ స్టాండు కారు బరువు ఆపుతుందా?" "ఏమయ్యా, ముందు బ్యాటరీ వైరు విప్పాలా, గేరాయిల్ దించాలా?" మొదట్లో అతను కూర్చున్నచోటు నుంచే విసుక్కున్నాడు. తరవాత గేటు దాకా వచ్చి విసుక్కున్నాడు. ఆరో వారానికి మా షెడ్డులోకే వచ్చి విసుక్కున్నాడు.

"ఇన్ని స్టాండులేంటి పెద్దాయనా? కారు కిందా, ఏనుగు కిందా?"

"ఇంకో రెండు తెమ్మంటావా?"

"చాలు బాబోయ్, ఇవే ఎక్కువ."

ఎనిమిదో ఆదివారం కారు నిజంగానే స్టాండులెక్కింది. చక్రాలకు అడ్డు చెక్కలు, కింద దుప్పటి. నేను దూరబోతే మామగారు నా చొక్కా పట్టుకుని ఆపేశారు. తానే వంగి, సైజు కాని సాకెట్టు పెట్టి, బోల్టును అటూ ఇటూ తిప్పసాగారు.

"అది కాదు, బోల్టు తల అరిగిపోతుంది. విప్పాల్సింది ఇంకా పైకుంది చూడండి" అన్నాడు మెకానిక్కు.

"చెబితే బోధపడట్లేదయ్యా."

అతను చాలాసేపు స్టాండుల వంకే చూశాడు. రెండు చేతులతో కారును ఊపాడు. కదల్లేదు. అన్ని వైపుల నుంచీ ఊపి చూశాడు. తరవాత వెల్లకిలా పడుకుని మెల్లగా లోపలికి జరిగాడు. బయట పాదాలు మాత్రం మిగిలాయి, అవీ కాస్త వణుకుతున్నాయి. మామగారు పక్కనే గొంతుక్కూర్చున్నారు.

కాసేపటికి కింద నుంచి గొంతు వచ్చింది. "పదిహే..."

పదిహేడో నంబరు రెంచీ అప్పటికే అతని చేతిలో ఉంది.

ఆ తరవాత అతను అడగడం, ఈయన అందించడం. అడగబోయే ముందే అందించడం. పాదాల వణుకు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. సాయంత్రానికి కొత్త గేర్‌బాక్సు కూర్చుంది. వీధి చివరిదాకా వెళ్లి వచ్చాం, మూడో గేరు బుద్ధిగా నిలిచింది.

వంటింట్లో అత్తగారితో, "మెకానిక్కు లేకపోతే మామయ్యగారి వల్ల అయ్యేది కాదండీ" అన్నాను.

"ఆయనకా? మా తమ్ముడి జీపుకి ఒక్కరే మార్చారు. రెండ్రోజులు సర్దుకున్నారు, ఒక్క పూటలో అయిపోయింది."

నేను తిన్నగా షెడ్డుకు వెళ్లాను. "మామయ్యగారూ, ఈ పని మీకు ముందే వచ్చటగా."

ఆయన రెంచీ తుడుస్తూ, "మా ఆవిడకి జ్ఞాపకశక్తి తక్కువండీ" అన్నారు.

మర్నాడు ఎదురింటి షెడ్డు తాళం తీసి ఉంది. నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే మెకానిక్కు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు.

"మీ మామగారిని కాస్త కనిపెట్టుకుని ఉండండి సార్. మంచాయనే గాని, బండి పని ముక్క రాదు పాపం. నిన్న నేను లేకపోతే ఏమైపోయేవారో."

"నిజమేనండీ" అన్నాను.