బొటనవేలి రేకు

ఏడేళ్లుగా ఒక తప్పు మోస్తున్నాను. మొదట్లో భయంగా ఉండేది. ఆ తర్వాత సిగ్గుగా ఉండేది. ఇప్పుడు విసుగ్గా ఉంది. మనిషికి ఎదుటివాళ్ల మీద విసుగొస్తే లేచి బయటికి పోవచ్చు. తన మీద తనకే వస్తే ఎక్కడికి పోవాలి? "నువ్వు భలే జాగ్రత్త మనిషివి" అని ఎవరైనా మెచ్చుకుంటే చాలు, పళ్లు నూరుకోవాలనిపిస్తుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అలా అయితేనే నోరు పెగులుతుంది.

మాది తెనాలి వైపు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, న్యూజిలాండ్ వచ్చి డిప్లొమా చేసి, లోవర్ హట్‌లో ఏసీ గొట్టాలు తయారుచేసే ఒక వర్క్‌షాపులో చేరాను. రేకును ఏ ఆకారంలో కత్తిరించి వంచితే ఏ గొట్టం వస్తుందో కొలిచి గీసివ్వడం నా పని. కొలతలో నేను తప్పు చేయనని అక్కడ పేరు. ఆ పేరంటే నాకెంత మోజో తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ఆ వర్క్‌షాపులోనే గ్రేమ్ పనిచేసేవారు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. ఇసుక సంచి మీద రేకు పెట్టి, సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ దాన్ని గిన్నెలా లోతు చేయడం నాకు నేర్పింది ఆయనే. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ఒక క్లబ్బుకు వెళ్లేవారు. అక్కడ జనం పాతకాలపు ఐరోపా సైనికుల్లా ఇనుప కవచాలు తొడుక్కుని కత్తులతో తలపడతారు. ఒకసారి నన్నూ తీసుకెళ్లారు. చూడ్డానికి వెళ్లినదాన్ని ఏడాది తిరిగేసరికి మా గరాజ్‌లో కవచాలు చేయడం మొదలుపెట్టాను. మా ఆయన "ఇనప చొక్కాల పిచ్చి" అని నవ్వేవారు.

అది ఉత్తుత్తి ఆట అనుకోకండి. కత్తుల అంచు మొద్దుదే, కానీ ఇనుము ఇనుమే. గట్టిగా తగిలితే ఎముక విరుగుతుంది. అందుకే బరిలోకి దిగేముందు ప్రతి ఒక్కరి కవచాన్నీ ఒకరు తట్టి, లాగి, చూసి "సరే" అనాలి. రెండో ఏడాదికి ఆ బాధ్యత నాకిచ్చారు. అంటే నేను చేసిన కవచాన్ని నేనే పరీక్షించి, నేనే సరే అనాలి. అందులో ఏదో తేడా ఉందని అప్పుడు నాకు తట్టలేదా? తట్టింది. గొప్పగా కూడా అనిపించింది. ఊరుకున్నాను.

ఇక్కడే పరిచయమైన మురళిది కడప వైపు. మన దగ్గర పళ్ల డాక్టరు. ఇక్కడ మాత్రం ఒక క్లినిక్‌లో సహాయకుడిగా చేస్తూ, ఇక్కడి డాక్టరు గుర్తింపు కోసం పరీక్షలు రాస్తున్నాడు. రాత పరీక్ష అయిపోయింది. చేత్తో చేసి చూపించాల్సిన పరీక్ష ఇంకో నాలుగు నెలల్లో ఉంది. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చి, గరాజ్‌లో వేలాడుతున్న శిరస్త్రాణం చూశాడు. అంతే, క్లబ్బులో చేరిపోయాడు. చేతులే బతుకైనవాడికి కత్తుల ముందు పనేమిటని నేను కోప్పడ్డాను. "రోజంతా ఒకరి నోట్లోకి వంగి చూస్తా అక్కా. వారానికొక్కసారన్నా నిటారుగా నిలబడాల" అన్నాడు. ఇంకేమంటాను?

శిరస్త్రాణమూ ఛాతీ కవచమూ ఎక్కడో కొనుక్కున్నాడు. చేతుల తొడుగులు మాత్రం నేనే చేయాలన్నాడు. ఇనుప తొడుగులు రెండు రకాలు. ఒకదానిలో ప్రతి వేలికీ విడివిడిగా చిన్న చిన్న రేకులుంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, దెబ్బ తగిలితే మాత్రం వేలు నలుగుతుంది. రెండోదానిలో నాలుగు వేళ్లనూ కలిపి ఒకే కప్పు మూస్తుంది, బొటనవేలికి వేరే రేకు. చూపుకి మొరటుగా ఉన్నా చేతికి క్షేమం. అతనికి మొదటిది కావాలి. నేను రెండోదే చేస్తానన్నాను. మూడు వారాలు వాదించాడు. వాట్సాప్ అప్పుడప్పుడే అందరి ఫోన్లలోకి వస్తున్న రోజులు. జర్మనీ తొడుగులు, ఇటలీ తొడుగులు, మ్యూజియం అద్దాల వెనక ఉన్న తొడుగులు, నేను కూర పోపు పెట్టేలోపు ఆరు ఫోటోలు వచ్చేవి. చివరికి నా మాటే విన్నాడు.

చేసిచ్చాను. మణికట్టు దగ్గర బిగుతుగా ఉందని వెనక్కి తెచ్చాడు. వదులు చేశాను. చప్పుడు ఎక్కువ వస్తోందన్నాడు. ఇనుము చప్పుడు చేయక వీణలా మోగుతుందా? లోపల తోలు అతికించాను. తోలు రంగు నచ్చలేదన్నాడు. మార్చాను. మెరుపు చాలదన్నాడు. గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ నా వేళ్లు నల్లబడ్డాయి. ఐదోసారి శనివారం మధ్యాహ్నం అతని కారు మా గరాజ్ ముందు ఆగేసరికి నాకు తల వేడెక్కిపోయింది.

లోపల వేసుకునే దూది చేతిజోడు తొడుక్కున్నాడు. దాని మీద నా ఇనుప తొడుగు వేసుకుని, కత్తి పిడి పట్టుకున్నాడు.

"అక్కా, ఏమనుకోవద్దు. ఈడ, బొటనేలు మొదట్లో, కొంచెం సందు ఉన్నట్టుండాది."

"ఎక్కడ?"

"పిడికిలి బిగిస్తే తెరుచుకుంటాంది చూడు."

చూశాను. కుడిచేతి బొటనవేలి మొదట్లో, కీలు ఉండే చోట, దాదాపు వేలి వెడల్పు ఖాళీ. కారణం ఒక్క క్షణంలో అర్థమైంది. కొలత తీసుకున్న రోజు అతని చెయ్యి ఖాళీగా ఉంది. లోపలి జోడు మందాన్ని లెక్కలోకి తీసుకోవడం మరిచిపోయాను. జోడు వేసుకునేసరికి వేలు లావెక్కి, రేకు ముందుకు జరిగి, వెనక సందు తెరుచుకుంటోంది. రేకు పొట్టిది. నేనే పొట్టిగా కత్తిరించాను.

"అది అలాగే ఉండాలి," అన్నాను. "అక్కడ సందు లేకపోతే కత్తి పట్టుకోలేవు."

"నిజంగానా?"

"మురళీ, ఇది చేసేది నేనా, నువ్వా?"

"నువ్వే అక్కా. నువ్వు చెప్పినాక అయిపాయ."

ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. నేను చెప్పింది పూర్తి అబద్ధం కూడా కాదు. వేలు వంగాలంటే కొంత సందు ఉండాలి, గోరు మందం ఉంటే చాలు. ఆ కాస్త నిజం వెనక నక్కాను. ఎందుకు? కొత్త రేకు కత్తిరించి, వంచి, బిగించడానికి మూడు గంటలు పట్టదు. బద్ధకం కాదు. నాలుగుసార్లు లేని తప్పులు వెతికిన మనిషి ఐదోసారి ఉన్న తప్పు పట్టుకున్నాడు, అతను పట్టుకున్నాడని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. ఇంత చిన్న కారణమా అని మీకనిపించవచ్చు. నాకూ అనిపిస్తుంది. పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఏడేళ్లుగా వెతుకుతున్నాను. దొరకలేదు.

మర్నాడు ఆదివారం. మేం ఆడేది ఒక స్కూలు హాల్లో. నేను వరసగా అందరి కవచాలూ చూస్తూ వచ్చాను. మురళి చేతిని రెండుసార్లు తట్టి "సరే" అన్నాను. అతని ఎదురుగా గ్రేమ్ నిలబడ్డారు. మూడు నాలుగు దెబ్బలు మామూలుగానే నడిచాయి. తర్వాత గ్రేమ్ ముంజేతి మీదికి కొట్టిన దెబ్బ మురళి కత్తి వెంట జారి చేతి మీదికి వచ్చింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. మురళి కత్తి కిందపడింది. "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటూ వెనక్కి నడిచి గోడకి ఆనుకున్నాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. తొడుగు నేనే తీశాను. రేకు మీద గీత కూడా లేదు. దెబ్బ సరిగ్గా సందులో పడింది.

ఆస్పత్రికి నా కారులోనే తీసుకెళ్లాను. ఎముక కీలులోకి చీలిందని, ఆపరేషన్ చేసి తీగలు వేయాలని చెప్పారు. అతని తొడుగు నా కారు డిక్కీలో ఉండిపోయింది.

మరుసటి రోజు క్లబ్బు నుంచి ఈమెయిల్ వచ్చింది. బుధవారం అందరూ కూర్చుని మాట్లాడదాం, తొడుగు తీసుకురండి అని. ఆ సాయంత్రం బియ్యం కడిగి కుక్కర్ పెట్టి గరాజ్‌లోకి వెళ్లాను. ఏం చేయబోతున్నానో నాకు తెలుసా? తెలుసు. తెలియకుండా చేశానని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నా, కొలతలు తీసుకుని చేసిన పని తెలియకుండా ఎలా జరుగుతుంది? పొట్టి రేకు ఊడదీశాను. సరైన పొడవుతో కొత్తది కత్తిరించాను. వంచి, రుద్ది, బిగించాను. రేకును బిగించిన కొత్త రివిట్ మేకులు మెరవకుండా మసి, నూనె పూశాను. అంతటితో ఆగి ఉంటే ఒక రకం. కానీ ఎముక విరిగిన చోట మచ్చలేని రేకు ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుందనిపించింది. ఒక మొద్దు ఇనుప పట్టీ అంచు ఆనించి, పైనుంచి సుత్తితో ఒక్క దెబ్బ వేశాను. కత్తి తగిలినట్టే పొడవాటి సొట్ట పడింది. నా చేతి పనిలో దానంత శుభ్రంగా కుదిరింది మరొకటి లేదు.

ఆ సొట్టకి అర్థమేమిటో అప్పుడు ఆలోచించలేదు. నన్ను దాచుకోవడమే చూసుకున్నాను. బుధవారం, మురళి ఇంకా ఆస్పత్రిలో ఉండగా, అందరి ముందూ తొడుగు బల్ల మీద పెట్టాక అర్థమైంది. రేకు కీలును పూర్తిగా కప్పుతోంది. అయినా లోపల ఎముక విరిగింది, రేకు సొట్టపడింది. మరైతే దెబ్బ ఎంత గట్టిదై ఉండాలి? అందరూ గ్రేమ్ వైపు చూశారు. కవచం సరిగ్గా ఉందా అని నన్నడిగారు. ఉంది అన్నాను. ఒక్క మాట.

గ్రేమ్ తొడుగు చేతిలోకి తీసుకున్నారు. సొట్ట మీద వేలు పోనిచ్చారు. తర్వాత తిప్పి లోపల చూశారు. లోపలి తోలు పట్టీలో పాత రివిట్ చిల్లు ఖాళీగా ఉంది. కొత్త రేకు పొడవు వల్ల రివిట్ కాస్త వెనక్కి జరిగింది. ఆ చిల్లు నేను చూసుకోలేదు. ఆయన దాని మీద వేలికొన పెట్టి, అలాగే ఉంచి, నా వైపు చూశారు. తర్వాత తొడుగు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "నేననుకున్నదానికంటే గట్టిగానే తగిలినట్టుంది" అన్నారు.

ఆరు నెలలు ఆడొద్దన్నారు ఆయన్ని. ఆరు నెలల తర్వాత కూడా రాలేదు. నలభై ఏళ్లుగా రేకు కొట్టిన మనిషికి సుత్తి సొట్టకీ కత్తి సొట్టకీ తేడా తెలియదా? తెలిస్తే ఎందుకు ఊరుకున్నారు? నన్ను కాపాడమని నేనడిగానా? ఇంకో ఏడాదిన్నర, ఆయన రిటైరయ్యేదాకా, ఒకే వర్క్‌షాపులో పనిచేశాం. రోజూ పొద్దున్న ఎప్పటిలాగే పలకరించేవారు. ఒక్కసారైనా నిలదీసి ఉంటే, ఒక్కసారైనా తిట్టి ఉంటే బాగుండునని ఆయన మీద కోపం తెచ్చుకునేదాన్ని. చూశారా, నేను చేసిన తప్పుకి కోపం ఆయన మీద.

మురళి ఆ పరీక్షకి కూర్చోలేకపోయాడు. తీగలు తీశాక కూడా బొటనవేలికి పట్టు రాలేదు. పళ్ల పనిముట్లు సన్నవి. గంటల తరబడి అవి పట్టుకోవాలి. మరుసటి ఏడాది ప్రయత్నించి మధ్యలోనే వదిలేశాడు. ఇప్పుడు ఆక్లండ్‌లో దంత వైద్యశాలలకు సామాను సరఫరా చేసే చోట పనిచేస్తున్నాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. అక్కడే టకానినిలో కొత్త ఇల్లు కొనుక్కుని, పోయిన నెల గృహప్రవేశానికి రమ్మంటే మేమిద్దరం వెళ్లాం.

హాల్లో టీవీ పక్కన అద్దాల అర ఉంది. అందులో ఆ తొడుగు ఉంది. దెబ్బ తగిలాక మురళి దాన్ని మళ్లీ తొడుక్కుని పిడికిలి బిగించి చూడలేదు. మురళి దాన్ని బయటికి తీసి, నా చేతిలో పెట్టి, వచ్చినవాళ్లందరికీ చెప్పాడు: "మా అక్క చేసిందే ఇది. ఇది లేకుంటే ఆ పొద్దు నా చెయ్యే పోయిండేది." వాళ్లమ్మ కడప నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నారు. నేనేం చేశాను? నవ్వాను. భోజనం చేశాను. బూరెలు బాగున్నాయన్నాను. తిరిగి వచ్చే విమానంలో మా ఆయన "నిన్ను చూస్తే గర్వంగా ఉంది" అన్నారు. నిద్ర వస్తోందని కళ్లు మూసుకున్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఇప్పుడు చెబితే ఎవరికి మేలు అని ఒక తెలివైన ప్రశ్న ఉంది. దాన్ని అడ్డం పెట్టుకునే ఏడేళ్లు గడిపాను. ఇక ఆ ప్రశ్న మొహం చూడాలని లేదు. మురళికి చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. గ్రేమ్ ఉత్తరాన ఎక్కడో సముద్రం ఒడ్డున ఉంటున్నారని విన్నాను. ఆయన చిరునామా సంపాదించడం కష్టం కాదు, ఇన్నాళ్లూ కష్టమని చెప్పుకున్నాను. మిమ్మల్ని క్షమించమని అడగను. క్షమించాల్సింది మీరు కాదు.

రేకు పొట్టిగా కత్తిరించింది నేను. చూసి కూడా సరే అన్నది నేను. రేకు మార్చి, సొట్ట కొట్టి, నింద గ్రేమ్ మీద పడుతుంటే నోరు మూసుకుని కూర్చుంది నేను. ఇంత చిన్న వాక్యాలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక లేచి కిటికీ తెరిచి, కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ క్లబ్బువాళ్లు ఎవరైనా, మురళి వాళ్లు ఎవరైనా ఇది చదివి, ఇది నువ్వేనా అని నన్నడిగితే, కాదనను.