బంతి లేని వైపు

హోబర్ట్ రాట్లిఫ్‌కి ఒకటే జబ్బు. పదిమంది చూసే వైపు ఆయన చూసేవాడు కాదు. జనం ఎటు పరుగెత్తితే దానికి సరిగ్గా ఎదురు వైపు వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, అక్కడేదో ముంచుకొస్తున్నట్టు నిలబడేవాడు. నూటికి తొంభై తొమ్మిదిసార్లు అక్కడ ఏమీ ఉండేది కాదు. ఆయన పోయి పది రోజులైంది. ఊళ్ళో ఎక్కడ గుంపు కనబడ్డా నా కళ్ళు దాని వెనక ఆయన కోసం వెతుకుతున్నాయి.

మా స్లేట్ క్రీక్‌లో దాణా కొట్టు తగలబడిన సాయంత్రం ఊరంతా అక్కడే ఉంది. మంటకి వీపు పెట్టి, వీధి రెండో చివర, ఖాళీ రోడ్డుని కాపలా కాస్తూ హోబర్ట్ నిలబడ్డాడు.

"ఏం చూస్తున్నావయ్యా అక్కడ?" అని మంగలి కేకేశాడు.

"ఏమీ లేదు."

"మంట ఇటుంది!"

"దాన్ని చూడ్డానికి మీరంతా ఉన్నారుగా. ఇటు ఎవరూ లేరు."

ఆయన భార్య ఓపలమ్మ తన పెళ్ళి ముచ్చట చెప్పినప్పుడల్లా కళ్ళు తుడుచుకునేది, నవ్వి నవ్వి. వాద్యం మోగింది. తెల్లగౌనులో ఆమె చర్చి గుమ్మంలోకి అడుగు పెట్టింది. అందరూ లేచి నిలబడి వెనక్కి తిరిగి ఆమెను చూశారు. పాస్టర్ చూశాడు, పాటగాళ్ళు చూశారు. పెళ్ళికొడుకు మాత్రం అటు తిరిగి పక్కతలుపు వైపు చూస్తున్నాడు. "నడిచినంతసేపూ నాకు ఆయన వీపే కనబడింది. ఆ వీపునే చేసుకున్నాననుకో" అనేది.

చర్చిలో ఆదివారం తలా ఒక గిన్నె తెచ్చుకుని భోంచేసేవాళ్ళం. అందరూ కోడి వేపుడు మీద పడితే హోబర్ట్ ఖాళీ ప్లేటుతో బల్ల రెండో చివర నిలబడేవాడు. జనం పలచబడి ఆయన ఇటు వచ్చేసరికి కోడి ఉండేది కాదు. ఆయన జీవితమంతా చల్లారిన బీన్సు తిని బతికాడని మా ఊళ్ళో ఒక నమ్మకం.

ఇలాంటి మనిషికి మా కాలేజీ ఏ పని ఇచ్చిందనుకున్నారు? ఫుట్‌బాల్ నేర్పే పని. మా కొండల్లో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరుగెత్తుతాడు, వాణ్ణి అవతలి పదకొండు మంది నేలకూలుస్తారు. ఆ కూల్చే పదకొండు మందికి మా దగ్గర ఇద్దరు గురువులు ఉండేవాళ్ళు. పెద్ద కోచ్ బక్ టోలివర్, ఆయన కింద హోబర్ట్.

బక్‌కి తెలిసింది ఒకటే మాట: "కొరకండి!" విజిల్ ఊదకుండా నమిలేవాడు. ఒక సీజన్‌కి ఒక డజను విజిళ్ళు తినేవాడని చెప్పుకునేవాళ్ళం. బంతి ఎక్కడుంటే అక్కడికి పదకొండు మందీ తోడేళ్ళలా వెళ్ళి పడాలి. తల వంచి, హెల్మెట్‌తో గుద్దాలి. ఎముక చప్పుడు వినబడితే బక్ ముఖం వెలిగిపోయేది.

హోబర్ట్‌కి తెలిసిందీ ఒకటే మాట: "కదలకు."

నేను ఎడమ చివర ఆడేవాణ్ణి. అవతలివాళ్ళు అందరినీ కుడివైపుకి లాగి, ఉన్నట్టుండి బంతిని ఎడమవైపుకి తిప్పుకొస్తే, అక్కడ నేను ఉండాలి. ఉండనని ఆయనకి గట్టి నమ్మకం. అందుకని నా నడుముకి తాడు కట్టి, రెండో కొస గోల్ స్తంభానికి కట్టాడు.

"కోచ్, బంతి అటు పోతోంది!"

"పోనీ."

"అందరూ అటే పోతున్నారు!"

"అందుకే నువ్వు పోకు."

"ఎంతసేపు నిలబడను?"

"అది తిరిగొచ్చేదాకా."

"రాకపోతే?"

"ఈ పూట నీ బట్టలు మాయవు. మీ అమ్మ సంతోషిస్తుంది."

బక్ వచ్చి చూశాడు. "ఏంటయ్యా ఇది? కుక్కని కట్టేస్తే ఎవణ్ణి కరుస్తుంది?"

"నీ కుక్కలన్నీ ఒకే కుందేలు వెంట పడ్డాయి బక్. ఇంటి దగ్గర ఒక్కటన్నా ఉండాలని దీన్ని కట్టాను."

అంతలో కంచె అవతలి నుంచి ఓపలమ్మ గొంతు. "హోబర్ట్! అది నా దండెం తాడేనా?"

ఆయన ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ ఆమెకి వీపు పెట్టి నిలబడ్డాడు. "ఏ తాడు?"

"ఉతికిన దుప్పట్లు గడ్డి మీద పరిచి వచ్చాను! ఆ పిల్లాడి నడుముకున్నదేంటి?"

"వాడికి నీ దుప్పట్ల కంటే ఎక్కువ అవసరం ఓపల్. అవి ఎక్కడికీ పారిపోవు."

ఇదంతా విని ఊరు ఆయన్ని ముద్దు చేసిందనుకోకండి. ఊరికి ఆయన మీద పాత కక్ష ఉంది. నాకు పద్నాలుగేళ్ళప్పుడు నాలుగో నంబరు బొగ్గుగని కప్పు కూలింది. సైరన్ మోగగానే వంట చేస్తున్నవాళ్ళు పొయ్యి ఆర్పకుండా, పాఠం చెబుతున్నవాళ్ళు సుద్దముక్క చేత్తో పట్టుకునే గని ముఖద్వారం దగ్గరికి పరుగెత్తారు. మా అమ్మ ఒక కాలికి చెప్పు లేకుండా పరుగెత్తింది. అంతమందీ కొండ దిగుతుంటే, ఒక్క హోబర్ట్ మాత్రం కొండెక్కుతూ కనబడ్డాడు. పార పట్టగల మగాడు. తవ్వడానికి ప్రతి చెయ్యీ కావాల్సిన పూట. గనిలో ఉన్న మా నాన్నను మర్నాడు మధ్యాహ్నం బయటికి తీశారు, ఊపిరి లేకుండా. హోబర్ట్ మర్నాడు పొద్దున్న కొండ దిగాడు.

"ఎక్కడ చచ్చావు?" అని అడిగారు.

"అటు చాలామంది ఉన్నారుగా" అన్నాడు. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ తరవాత ఆయనకి ఊరు పెట్టిన పేరు పిరికి హోబర్ట్. మా అమ్మ చర్చిలో ఆయనకి చెయ్యి కలపడం మానేసింది. బంతి ఆట పేరు చెప్పి కాలేజీ నాకు ఉచితంగా సీటిచ్చినప్పుడు ఆమె అన్న మొదటి మాట, "వాడి కిందా ఆడతావు?"

"బక్ కింద ఆడతానమ్మా."

అలాగే ఆడాను కూడా. తాడు విప్పగానే కుందేలు వెంట పడేవాణ్ణి.

నా మూడో సంవత్సరంలో కాలేజీ దగ్గర డబ్బు అయిపోయింది. ఆ సీజన్ చివరి ఆట ఓడిపోతే జట్టును ఎత్తేస్తామని అధ్యక్షుడు పిలిచి చెప్పాడు. జట్టు పోతే నా ఉచిత సీటు పోతుంది. నా చదువు ఇంకో ఏడాది మిగిలే ఉంది. సీటు పోతే నాకున్న దారి ఒక్కటే, నాలుగో గని. మా నాన్న గని హెల్మెట్ ఇంట్లో మేకుకి వేలాడుతూనే ఉంది. అమ్మ దాన్ని తుడిచేది కాదు, తీసేది కాదు.

నవంబరు వాన, మోకాళ్ళ దాకా బురద. నది అవతలి కాలేజీతో ఆట. ఆఖరి నిమిషాలకి మేం నాలుగు పాయింట్లు ముందున్నాం, బంతి వాళ్ళ చేతిలో ఉంది. బంతి కదిలింది. అందరూ కుడివైపుకి దూకారు. "వెళ్ళు లూథర్! కొరుకు!" అని బక్ అరుస్తున్నాడు. హోబర్ట్ మైదానం అంచు గీత మీద నిలబడి నన్నొక్కణ్ణే చూస్తున్నాడు. నా నడుముకి తాడు లేదు. అయినా బిగుసుకున్నట్టనిపించింది. కదల్లేదు.

బంతి తిరిగొచ్చింది. వాళ్ళవాడు ఒకడు చంకలో బంతితో నవ్వుతూ వచ్చాడు, ఈ వైపు ఎవరూ ఉండరనుకుని. తల వంచి గుద్దడం బక్ నేర్పాడు. చోట్లో ఉండడం హోబర్ట్ నేర్పాడు. జన్మలో మొదటిసారి రెండూ కలిపి చేశాను.

బంతి ఎగిరిపడింది. మా మోజ్లీ దాన్ని ఏరుకుని అవతలి గోల్ వైపు పరుగు తీశాడు. మైదానం మైదానమంతా వాడి వెంట లేచిపోయింది. జట్లు రెండూ, బక్, బ్యాండు, జనం, గేటు దగ్గరి అంబులెన్స్ మనుషులు, అందరూ. నేను వెల్లకిలా పడి ఉన్నాను. చప్పుడంతా నా నుంచి దూరంగా వెళ్ళిపోతోంది. కాళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. వాన నోట్లో పడుతోంది. మా నాన్నకీ ఇలాగే ఉండి ఉంటుందని అనుకున్నాను, చప్పుడంతా పైన, తను కింద.

అప్పుడు, చప్పుడు పోయే దిక్కుకి ఎదురుగా, బురదలో బూట్ల చప్పుడు వినబడింది. తలకిందులుగా హోబర్ట్ ముఖం. నా తల వెనక బురదలో పడుకుని, రెండు మోచేతులూ నేలకి ఆనించి, హెల్మెట్‌ని రెండు చేతులతో పట్టేశాడు.

"నీ చోట్లో ఉన్నావురా లూథర్."

"ఉన్నాను కోచ్. తిరిగొచ్చింది."

"వస్తుందని చెప్పానుగా. ఇప్పుడు కూడా అక్కడే ఉండు. తల తిప్పకు."

"ఎంతసేపు?"

"నేను చెప్పేదాకా."

"మోజ్లీ గోల్ దాటాడా?"

"నాకేం తెలుసు? నేను చూళ్ళేదు."

నవ్వబోయాను. "నవ్వకు, మెడ కదులుతుంది" అని కసిరాడు.

మోజ్లీ దాటాడు. బక్ పరుగున వెనక్కి వచ్చాడు. "హోబర్ట్! లేపు వాణ్ణి! ఆట ఆగిపోయింది. చెరో రెక్కా పట్టుకుంటే నడుస్తాడు."

"ముట్టుకోకు బక్."

"నువ్వెవడివి చెప్పడానికి? ఒరేయ్, లేపండ్రా!"

"వీడి మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి కొరికేస్తా."

కొరకడం అన్న మాట ఆయన నోట నేను విన్నది అదొక్కసారే. బక్ అడుగు వెనక్కి వేశాడు. అంబులెన్స్ సంబరాల గుంపులో ఇరుక్కుని చాలాసేపటికి గానీ రాలేదు. అంతసేపూ హోబర్ట్ ఆ నీళ్ళలో బోర్లా పడుకుని నా తలని పట్టుకునే ఉన్నాడు. స్ట్రెచర్ మీదికి ఎక్కించాక ఆయన వేళ్ళు తెరుచుకోలేదు, ఓపలమ్మ వచ్చి ఒక్కొక్కటే విప్పింది. మెడలో ఎముక విరిగింది గానీ లోపలి నరం తెగలేదని డాక్టరు చెప్పాడు. రెక్కలు పట్టుకుని లేపి ఉంటే ఆ మాట చెప్పేవాడు కాదు.

ఆసుపత్రికి మొదటి వారం ఊరంతా పూలతో వచ్చింది. హోబర్ట్ రాలేదు. అందరూ రావడం మానేశాక ఆయన రావడం మొదలుపెట్టాడు. మంచం పక్కన కూర్చుని తలుపు వైపు చూసేవాడు. ఒకరోజు మా అమ్మ కాఫీ పోసి ఆయన చేతికిచ్చింది. చల్లారేదాకా ఆగి తాగాడు, అలవాటు.

ఆట గెలిచినా, వసంతంలో కాలేజీ జట్టును ఎత్తేసింది. నా సీటు పోయింది. గనికి వెళ్ళాను. గని డాక్టరు నా మెడ తిప్పి చూసి పనికిరావన్నాడు. అప్పోసప్పో చేసి మిగిలిన ఏడాది చదువు ముగించి బడిపంతులునయ్యాను. నా మెడ ఇప్పటికీ ఒక వైపే తిరుగుతుంది, జనం చూసే వైపు కాదు.

పోయిన వారం ఆయన్ని సాగనంపాం. నేను ముందే వెళ్ళి, చర్చిలో ఆఖరి వరసలో, పక్కతలుపు దగ్గర కూర్చుందామనుకున్నాను. ఖాళీ లేదు. ఆయన చేతి కింద ఎడమ చివర ఆడినవాళ్ళంతా, నెరిసిన జుట్టుతో, పెద్ద పెద్ద పొట్టలతో, అక్కడే ఇరుక్కుని కూర్చున్నారు. నేనూ వాళ్ళ మధ్యలో దూరాను. ముందు ఆరు వరసలు దాదాపు ఖాళీ. పాస్టర్ బతిమాలాడు. "అయ్యా, ముందుకు రండి." ఒక్కడు కదల్లేదు.

ముందు వరసలో ఓపలమ్మ ఒక్కతే. ఆమె పక్కకి చేతికర్రతో ముసలి డెల్ఫియా క్రమ్ వెళ్ళి, మా వైపు తిరిగింది.

"నాలుగో గని కూలిన రోజు నాకు నొప్పులు" అంది. "మంత్రసానితో సహా అందరూ కిందికి పరుగెత్తారు. నా మొగుడు ఆ బొగ్గులోనే ఉన్నాడు. కొండమీద నేనొక్కదాన్నే. ఈయన వచ్చాడు. నీళ్ళు కాచాడు, గుడ్డలు అందించాడు, రాత్రంతా గోడ వైపే తిరిగి కూర్చున్నాడు. 'పుట్టిందా?' అని గోడనడిగాడు. 'పుట్టాడు, ఇటు తిరిగి పట్టుకో' అని నేను తిడితే గానీ తిరగలేదు. ఆ పుట్టినవాడు అదిగో, వాడే."

జట్టు ఎత్తేసేనాటికి పసివాడైనా, మా వరసలోనే ఇరుక్కున్న వెన్‌డెల్ క్రమ్, నలభై దాటిన మనిషి, చెవుల దాకా ఎర్రబడ్డాడు.

మా అమ్మ లేచింది. ఆమెకి ఎనభై దాటాయి. "ఊరంతా పిరికివాడంటుంటే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నావా డెల్ఫియా?"

"ఆయనే వద్దన్నాడు. కింద చచ్చిపోయినవాళ్ళ గురించి తప్ప ఈ ఊరు ఇంకో మాట చెప్పుకునే రోజు కాదిది, ఊరుకో అన్నాడు. ఇప్పుడు ఆయన అడ్డం లేడు, చెప్పాను."

అమ్మ మెల్లగా వెళ్ళి, శవపేటిక మీద అరచెయ్యి ఆనించింది, ఎన్నో ఏళ్ళ కింద కలపని చెయ్యి.

మోసేటప్పుడు గొడవొచ్చింది. ఆరుగురం, ఆరుగురికీ వెనక ఎడమ పిడే కావాలి. పేటిక ముందు భాగం పట్టుకునే దిక్కు లేదు.

"అది నా చోటు!"

"నీకంటే ముందు నన్ను కట్టేశాడు ఆ స్తంభానికి!"

"ఒరేయ్, ఎవరైనా ముందుకి రండ్రా!" అని ఓపలమ్మ అరిచింది. "హోబర్ట్, చూడు నీ నిర్వాకం! వెధవల్ని ఎలా తయారుచేశావో!" చివరికి, మేం పట్టుకున్న వెనక కొసే ముందుకొచ్చేలా, పేటికనే తిప్పించింది. అలా ఆయన్ని వెనక్కి వెనక్కే తీసుకెళ్ళాం. ఆయన అభ్యంతరం చెప్పి ఉండడు.

గొయ్యి దగ్గర పాస్టర్ ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ తల వంచి లోపలికి చూస్తున్నారు. ఓపలమ్మ ఉన్నట్టుండి గొయ్యికి వీపు పెట్టి నిలబడింది. పాస్టర్ ఆగిపోయాడు.

"ఓపలమ్మా, ఒంట్లో బాగుందా?"

"దివ్యంగా ఉంది. పెళ్ళినాడు ఆయన నాకు వీపు చూపించాడు. ఇవాళ నా వంతు. నువ్వు కానీ."

కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు. చేతులు వెనక్కి కట్టుకుంది. ప్రార్థన అయ్యేదాకా, జనం వెనక పక్కగేటు దగ్గర తోసుకుంటూ నిలబడ్డ మమ్మల్నే, ఒక్కొక్కరినీ, ఎవడు కదులుతాడా అని చూస్తూ ఉంది. ఎవడూ కదల్లేదు.