మా అత్త బట్టీ, కొండల పొగ

పలాసలో ఎక్కడ పొగ కనపడినా నేరం జీడిపిక్కల బట్టీదే. మా అత్త ఇంటి వెనక అలాంటి చిన్న బట్టీ ఒకటి ఉండేది. మావ పోయాక ఆవిడ పిక్కలు కాల్చుకుని, పప్పు అమ్ముకుని బతికేది. అది మూతపడితే కూతురి ఇంట్లో, అంటే మా ఇంట్లో, కూర్చుని తినాలి. ఆవిడ చచ్చినా ఆ పని చెయ్యదు.

అప్పట్లో నాకు బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. బేరం లేనప్పుడు ఉపగ్రహం తీసిన ఫొటోలు చూడడం నా పిచ్చి. మా ఆవిడ "భూమ్మీద పనులు మానేసి ఆకాశం దులుపుతున్నారు" అనేది. ఆ ఏడు వేసవి మొదట్లో పడమటి కొండల మీద అడవులు అంటుకున్నాయి. అక్కడ లేచిన పొగ బూడిదరంగు చారలా మా ఊరి మీదుగా సముద్రంలోకి పోవడం ఫొటోలో చక్కగా కనిపించేది.

ఆ సంగతి అత్త పొరుగింటావిడకి ఎవరు చెప్పాలి? ఆవిడ మనవడికి దగ్గు పట్టుకుంది. పొద్దున్నే వీధిలో నిలబడి కేకలేసింది.

"ఓలమ్మా, నీ బట్టీ మా గుంటడి పేనం తీసేత్తంది! ఈదిలో పెద్దల్ని పిలిసి మూయించేత్తాను సూడు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫొటో ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి, "ఇందులో మా ఇల్లేదీ?" అని నా చేతిలో పెట్టేసింది.

మా అత్త మాత్రం నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి, "బాబూ, ఆ కొండల పొగ రేపూ ఉంటాదేటి?" అంది.

"గాలి మారకపోతే ఉంటుందత్తా."

అంతే, వీధిలోకెళ్ళి నిలబడింది. "బట్టీ ఆపేత్తన్నాను. రేపటికి పొగ పోతే నా సేత్తోనే పగలగొట్టేత్తాను. పోకపోతే మళ్ళీ నోరెత్తకు!"

 గాలి నా చెప్పుచేతల్లో ఉంటుందా? సాయంత్రం సముద్రపు గాలి చల్లగా వీచి, పొగ కాస్త పలచబడింది. ఊరంతా హాయిగా ఊపిరి పీల్చుకుంటుంటే నేనొక్కణ్ణీ ఏడుపు మొహం పెట్టుకుని తిరిగాను.

తెల్లారేసరికి పొగ మళ్ళీ కమ్మేసింది. బతికాంరా దేవుడా అనుకున్నాను. పొరుగింటావిడ తలుపు వేసేసుకుంది.

"ఇంకేం అత్తా, ముట్టించెయ్" అన్నాను పెళ్ళికొడుకులా నవ్వుతూ. ఆవిడ కదల్లేదు. గోడ అవతల పిల్లాడు దగ్గుతున్నాడు.

"నీ బొమ్మలో నా బట్టీ పొగ కనపడతాదేటి?"

"అంత చిన్నది కనపడదత్తా."

"గుంటడి గొంతుకి కనపడతాది బాబూ. కొండల పొగ పోయినాక సూద్దాం."

గెలిచిన మనిషి ఇలా చేస్తుందా అని విసుక్కున్నాను గానీ, ఆవిడ అల్లుణ్ణయినందుకు ఆ వేళ ఎంత గర్వపడ్డానో చెప్పలేను. గోడ ఇవతల ఆవిడ మాట్లాడితే అవతల వినపడుతుందని నాకు తట్టలేదు.

పొగ ఇంకొన్నాళ్ళు పోలేదు. పిక్కల బస్తాలు అలాగే పడి ఉన్నాయి. ఒకరోజు సెంటర్ తాళం తీసేసరికి పొరుగింటావిడ చంకలో మనవణ్ణేసుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

"బాబూ, బేగి ఆ పెట్టె ముట్టించి సూడు. కొండల పొగ పోయిందేటి? మా అప్ప బట్టీ ముట్టించుకోవాల."